విద్యుత్తుకు పగ్గం వేసిన ఇనుప తీగ

రేడియో పనిలో అభిరుచి గల బాలుడు మొట్టమొదట చేసే ప్రయోగం చిన్న దీపాన్ని బ్యాటరీకి తగిలించడం. నేడు ఆ దీపం సాధారణంగా ఎర్రని ఎల్.ఇ.డి. దానిని 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఒక్క క్షణం మిరుమిట్లు గొలిపి ఆరిపోతుంది, మరి వెలగదు. నడుమ 390 ఓముల రెసిస్టరు ఒకటి ఉంచితే ఏండ్ల తరబడి వెలుగుతుంది. ఏలనగా, ఇంత ప్రవాహం నాకు చాలునని చెప్పగల శక్తి ఆ దీపానికి లేదు. ఆ మాట దాని పక్షాన వేరొక వస్తువు చెప్పవలసి ఉన్నది. ఆ వస్తువు కోసం సాగిన అన్వేషణకు సుమారు రెండు వందల ఏండ్ల చరిత్ర కలదు.

జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉన్న జార్జ్ సైమన్ ఓమ్ దీనికి పునాది వేశాడు. ఆనాటి బ్యాటరీలు నిలకడ లేనివి. కొలిచేలోగానే వాటి బలం తగ్గిపోయేది. అందుచేత ఆయన బిస్మత్, రాగి లోహాలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును మరిగే నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించాడు. 1827లో ప్రకటించిన గ్రంథంలో ప్రవాహానికీ నిరోధానికీ గల సంబంధాన్ని స్థాపించాడు. స్వదేశంలో దానికి తగిన ఆదరణ వెంటనే లభించలేదు. లండన్ రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం మాత్రం 1841లో వచ్చింది. 1843లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ నిరోధాన్ని ఇష్టం వచ్చినట్లు హెచ్చించి తగ్గించగల సాధనాన్ని వర్ణించి, రియోస్టాట్ అని పేరు పెట్టాడు. రేడియోలో ధ్వనిని పెంచే మరను త్రిప్పినప్పుడల్లా మనం దాని వారసుణ్ణే త్రిప్పుతున్నాము.

అయితే రెసిస్టరు హద్దు గీయగలదే కాని కాపలా కాయలేదు. వోల్టేజి పెరిగితే దాని గుండా పోయే ప్రవాహమూ పెరుగుతుంది. ఈ లోపం గటింగెన్ విశ్వవిద్యాలయంలోని వాల్టర్ నెర్న్‌స్ట్‌కు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆయన 1897లో క్రొత్త దీపాన్ని కనిపెట్టాడు. అందులో వెలిగేది జిర్కోనియం, యిట్రియం ఆక్సైడులతో చేసిన సన్నని పుల్ల. చల్లగా ఉన్నప్పుడు అది విద్యుత్తును పోనీయదు. ముందుగా వేడిచేసి మేలుకొల్పాలి. మేలుకొన్న తరువాత అసలు ప్రమాదం మొదలవుతుంది. వేడి పెరిగినకొద్దీ పుల్ల నిరోధం తగ్గుతుంది, నిరోధం తగ్గగా ప్రవాహం హెచ్చుతుంది, అందువల్ల వేడి ఇంకా పెరుగుతుంది. అదుపు లేకపోతే తన్ను తానే దహించుకొంటుంది.

దీనికి ఆ దీపంలో చేసిన ఉపాయం చూడముచ్చటైనది. ఉదజని వాయువు నింపిన చిన్న గాజుబుడ్డిలో సన్నని ఇనుప తీగను అమర్చి, పుల్లతో వరుసగా కలిపారు. ఇనుము స్వభావం పుల్ల స్వభావానికి విరుద్ధం. మసక ఎరుపు రంగుకు రాగానే దాని నిరోధం చురుకుగా పెరుగుతుంది. ప్రవాహం కొంచెం హెచ్చబోతే తీగ వేడెక్కి అడ్డుపడుతుంది. తగ్గితే చల్లబడి దారి ఇస్తుంది. ఉదజని తీగకు తుప్పు పట్టనీయదు, వేడిని త్వరగా గాజుకు చేరవేస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనశాలలో ఈ దీపాలు వెలిగినవి. టంగ్‌స్టన్ తీగ దీపాలు రాగానే అవి మూలబడినవి గాని, కాపలాదారుకు కొలువు పోలేదు.

1930 ప్రాంతాల రేడియోలలో అదే తీగ మరల ప్రత్యక్షమైంది. కలకత్తా వంటి నగరాలలో కొన్ని పేటలకు డి.సి. విద్యుత్తు వచ్చేది. డి.సి.పై ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు కనుక, వాల్వుల హీటర్లన్నిటినీ దండలాగా గుచ్చి నేరుగా మెయిన్సుకు కలిపేవారు. అమెరికన్ అయిదు వాల్వుల సెట్టులో ఆ దండకు కావలసినది సుమారు 121 వోల్టులు. అది అక్కడి మెయిన్సుకు సరిపోయింది. మన 230 వోల్టులలో తక్కిన 109 వోల్టులు ఎక్కడో ఖర్చుపడాలి, 0.15 ఆంపియరు వద్ద అది 16 వాట్ల వేడి! ఐరోపాలో చేసిన కొన్ని సెట్టులలో ఈ పనికి బారెటర్ అనే దీపం ఉండేది. చూపుకు వాల్వువలె ఉన్నా, లోపల ఉదజనిలో ఇనుప తీగే. ఫిలిప్స్ వారి సీ1 బారెటర్ తన మీద 80 వోల్టులు పడినా, 200 పడినా ప్రవాహాన్ని 0.2 ఆంపియరు వద్దనే నిలిపేది. (అట్టి సెట్టుల చట్రం మెయిన్సుతో నేరుగా కలిసి ఉంటుంది. అటక మీద నుండి దించి బాగుచేయబూనేవారు ప్లగ్గు తీయక చేయి పెట్టరాదు.)

1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్.ఇ.డి.ని వెలిగించడంతో నెర్న్‌స్ట్ చిక్కు రూపు మార్చుకొని తిరిగి వచ్చింది. వేడెక్కిన ఎల్.ఇ.డి. అదే వోల్టేజి వద్ద ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. నాలుగు దీపాలను పక్కపక్కన కలిపి అన్నిటికీ ఒకే రెసిస్టరు పెట్టే పొదుపరులు ఇందుకే నష్టపోతారు. వాటిలో ఒకటి తక్కినవాటి భాగం మ్రింగుతుంది. దీపానికొక రెసిస్టరు ఉంచడమే మేలు. నిజమైన కాపలా కావలెనంటే 1976లో వచ్చిన ఎల్.ఎమ్.317 ఉన్నది. దాని అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల నడుమ 1.25 వోల్టులు ఎల్లప్పుడూ నిలిచి ఉంటాయి. అక్కడ 62 ఓములు ఉంచి, అడ్జస్ట్ కాలి నుండి దీపానికి తీసుకొంటే 20 మిల్లీఆంపియర్లు పారుతుంది. బ్యాటరీ కొంత నీరసించినా మారదు. అయితే ఇందుకు దాదాపు 3 వోల్టుల మేర తనకు వాటా కావలెనంటుంది. 3 వోల్టుల బ్యాటరీతో ఆడుకొనే పిల్లలకు ఇది పనికిరాదు.

రేడియో మెకానిక్కుల బల్ల మీద కనిపించే సిరీస్ బోర్డు కూడా ఈ వంశానిదే. బాగుచేసిన సెట్టును మొదటిసారి 100 వాట్ల పాత తీగ బల్బు గుండా కలుపుతారు. సెట్టులో షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, 0.43 ఆంపియరుకు మించి పోనీయదు. సెట్టు క్షేమంగా ఉంటే ఒకసారి మెరిసి మందగిస్తుంది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పని చేయలేదు. కనుక ఇంట్లో పాత తీగ బల్బు మిగిలి ఉంటే పారవేయక, పనివాడికి ఇవ్వండి.