నీళ్లలో మునిగే చెట్టు ఇంటి నేల ఎలా అయింది?

భూర్జపత్రం మాట మీరు వినే ఉంటారు. మనకు తాటాకు ఎలాగో, హిమాలయాల పక్క వాళ్లకు రాసుకోవడానికి ఆ చెట్టు బెరడు అలాగ. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ ఊళ్లో ఒక రైతు తవ్వుతుంటే దొరికిన పాత గణిత గ్రంథం దాని మీద రాసిందే. ఆ చెట్టు చుట్టాలు చలిదేశాల నిండా ఉన్నాయి, బిర్చ్ అంటారు.

ఆ బెరడుకు నీళ్లంటే లెక్కలేదు. నార్వే రైతులు ఇంటికప్పు మీద బిర్చ్ బెరడు పొరలు పరిచి, పైన గడ్డితో ఉన్న మట్టిపెళ్లలు పేర్చేవాళ్లు. కలప సంగతి వేరు. తడినేల మీద పడేస్తే తొందరగా కుళ్లిపోతుంది, కంచె గుంజకి కూడా పనికిరాదు.

మరి అలాంటిది నేలకి ఎలా ఎక్కింది? అమెరికా ఈశాన్యాన, కెనడాలో యెల్లో బిర్చ్ అని ఒక రకం ఉంది. 19వ శతాబ్దంలో అక్కడ కలప రవాణా చాలావరకు ఏటి మీదే. చలికాలం నరికి, మంచు కరిగి ఏరు పొంగగానే దుంగలు వదిలేసేవాళ్లు. గోదావరి మీద కలప తెప్పలు నడిచిన ఊళ్ల వాళ్లకి ఇది కొత్తేం కాదు. పైన్ హాయిగా తేలిపోతుంది. పచ్చి బిర్చ్ దుంగ బరువుకి మధ్యదారిలో మునిగిపోయేది. అందుకే పైన్ నరికేసిన అడవుల్లో కూడా బిర్చ్ చాలాచోట్ల నిలబడే ఉంది. చెట్టులో లోపమేం లేదు చూడండి, దారి లేకపోవడమే!

అడవిలోకి రైలు పట్టాలు వచ్చాక దాని దశ తిరిగింది. పలకల అంచులకి గాడి, నాలుక కోసే యంత్రాలూ అప్పటికి వచ్చాయి. 1897లో మేపుల్ నేలపలకలు చేసేవాళ్లు సంఘం పెట్టుకున్నారు. వాళ్ల నాణ్యత నియమాల్లో మేపుల్ పక్కనే బీచ్, బిర్చ్ కూడా చేరాయి.

గట్టిదనం కొలవడానికి చిన్న ఉక్కుగుండుని కలపలోకి సగం దిగేదాకా నొక్కుతారు. యెల్లో బిర్చ్‌కి సుమారు 570 కిలోల బరువు కావాలి, టేకుకి అంతకన్నా తక్కువే చాలు. తెల్ల బిర్చ్‌కైతే 410 దగ్గరే. కాబట్టి ఎవరైనా బిర్చ్ అంటే ఏ బిర్చో అడగాలి.

పేచీ అంతా తేమతోనే. పచ్చి పలక పూర్తిగా ఆరేసరికి యెల్లో బిర్చ్ వెడల్పులో వందకి 9.5 వంతుల దాకా కుంచించుకుపోతుంది, టేకు 5.8. బట్టీలో ఆరబెట్టి బిగించినా సరే, అక్కడి ఇళ్లలో చలికాలం పొయ్యి వేడికి పలకల మధ్య సన్నని సందులు తెరుచుకుంటాయి, వేసవి తేమకి మళ్లీ మూసుకుంటాయి.