రాకాసి గుళ్లకు కాపలా ఎవరు?

పల్లెవాళ్ల అజ్ఞానం వల్లే రాకాసి గుళ్లు పాడయ్యాయన్న మాట చాలాకాలంగా చెల్లుబాటవుతోంది. నాకది ఒప్పుకోబుద్ధి కాదు.

చుట్టూ గుండ్ల వలయం, నడుమ రాళ్ల కుప్ప, కింద బండలతో పేర్చిన గూడు, అందులో ఎముకలు, నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. దక్కనులో రాకాసి గుళ్లని పిలిచే ఈ పాత సమాధుల తీరు తెలిసిందే. 19వ శతాబ్దిలో ఆంగ్లేయ అధికారి మెడోస్ టేలర్ కర్ణాటకలోని జేవర్గి దగ్గర వీటిని తవ్వించి, ఐరోపా డ్రూయిడ్ల, సిథియన్ల కట్టడాలతో పోల్చాడు. ఊరివాళ్లు రాక్షసులు కట్టారన్నారు, దొర సిథియన్లను తలచుకున్నాడు. ఇద్దరూ పరాయివాళ్లకే అంటగట్టారు. కాకపోతే ఊరివాళ్లు జడిసి దూరం జరిగారు, దొర పలుగూ పారా తెప్పించాడు.

అసలు చిక్కు కాలనిర్ణయంలో ఉంది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, ఈ సమాధులవాళ్లు క్రీ.పూ. 200 ప్రాంతంలో ఇనుముతో వచ్చిన కొత్తజనమని తేల్చాడు. పాఠ్యపుస్తకాలు చాలాకాలం దాన్నే వల్లించాయి. తర్వాత కర్ణాటకలోనే ఉన్న హళ్లూరులో ఇనుము దొరికిన పొరల బొగ్గును కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, లెక్క క్రీ.పూ. 1000 దగ్గరికి పోయింది. హళ్లూరు లెక్కను ప్రతి గుండ్ల వలయానికీ అతికించలేం, నిజమే. ఈ ఆచారం శతాబ్దాలు సాగింది కనుక వీలర్ చెప్పిన కాలంలోనూ సమాధులు కట్టి ఉంటారు. కానీ అంతకుముందరి రాతిగొడ్డళ్లవాళ్ల కాలమూ సమాధులవాళ్ల కాలమూ బ్రహ్మగిరిలో కొంతమేర కలిసిపోయాయని గుర్తించింది వీలరే. ఆ కలయికను చూసినవాడు వలస కథనే ఎందుకు పట్టుకున్నాడో! కొత్తవాళ్లు కొందరు వచ్చి ఉండొచ్చు, పాతవాళ్లు ఎక్కడికీ పోలేదని నా అభిప్రాయం. ఆ గూళ్లలో పడుకున్నది మన తాతముత్తాతలే కావచ్చు.

ఇక గుళ్లు పాడవడం సంగతి: ఊరివాళ్ల జడుపు ఉన్నన్నాళ్లూ గుండ్లు కదల్లేదు. వాటిని లాగేసింది కంకర క్వారీలు, ప్లాట్ల వెంచర్లు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. గుడికో కోటకో ఈ కొలత సరిపోతుంది. ఎకరాల మేర చెదిరిన వల్లకాటికి అంచెక్కడని టేపు పెడతారు? పైగా చాలా వలయాలు ఏ జాబితాకూ ఎక్కలేదు. హష్మత్‌పేటలో రాష్ట్ర రక్షణ ఉన్నా హైదరాబాదు నగరం మీదికి వచ్చేసింది.

2025లో తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషమే. అక్కడ ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు, ఆ జాబితా పుట్టకముందు నుంచే.