అమ్ముగూడ బలరామ్

సముద్రమునకు ఈవలి గట్టున, అండమాను దీవులందలి గరాచర్మయందు కాపురమున్న మన తెలుగు కుటుంబముల బాలురు ఫుట్‌బాల్ ఆడునపుడు, పరదేశపు వీరుల నామములతోపాటు ఎరిగియుండవలసిన నామమొకటి కలదు. అది తులసీదాస్ బలరామ్.

సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడ గ్రామమున, తమిళులైన నిరుపేద తల్లిదండ్రులకు జన్మించిన ఈ బాలుడు తొలుత పాదరక్షలు లేకయే ఆడెను. పిమ్మట పోలీసులు తొడిగి విడిచిన పాతబూట్ల తోలుతో చర్మకారుడు కుట్టియిచ్చిన జోడే అతనికి మొదటి ఆటబూట్లయ్యెను. హైదరాబాదు పోలీసు జట్టునకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆ బాలుని పాదములందలి నేర్పును కనిపెట్టి చేరదీసెను. హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచిన ఆ దినములలోనే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకేగిన భారత జట్టున బలరామ్‌కు స్థానము లభించెను. ఆ జట్టు నాలుగవ స్థానమున నిలిచినది.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో బలరామ్ ప్రతిభ లోకమునకు వెల్లడియయ్యెను. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి మేటులుగల హంగరీతో మనవారు 2-1 తేడాతో మాత్రమే ఓడినపుడు మన ఏకైక గోలు బలరామ్‌దే. ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచిన పిదప, పెరూతో 3-1గా ఓడిన ఆటలోను మన గోలును అతడే చేసెను. ముందువరుసలో ఆడవలసినవాడయ్యును, వెనుకకు దిగి బంతిని అందుకొని, ప్రత్యర్థుల నడుమనుండి దానిని పి.కె. బెనర్జీకో చునీ గోస్వామికో అందించుట అతని ప్రత్యేకత. అందువలన ఇతరుల గోలులలోను అతని శ్రమ ఇమిడియుండెడిది. 1961లో ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకుడై కలకత్తా లీగును గెలిపించి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో థాయిలాండుపైనను జపానుపైనను గోలులు చేసి, స్వర్ణపతకము పొందిన జట్టులో ఒకడై, ఆ ఏడే అర్జున పురస్కారమును అందుకొనెను.

1963 జూన్ మాసమున గురువైన రహీమ్ క్యాన్సరుతో మరణించెను. ఆ సంవత్సరముననే, ముప్పదియేండ్లు నిండకమునుపే, ఊపిరితిత్తుల వ్యాధి శిష్యుని మైదానమునుండి తప్పించెను. సహచరులైన బెనర్జీ, గోస్వామి ఇద్దరికిని పద్మశ్రీ లభించెను గాని, బలరామ్‌కు ఏ పద్మ పురస్కారమును దక్కలేదు. 2023 ఫిబ్రవరిలో అతడు కలకత్తాలో కన్నుమూసెను.

గోలు చేసినవాని పేరు పత్రికలకెక్కును. ఆ బంతిని అందించినవాని పేరును స్మృతియందు నిలుపుట ఆట నెరిగినవారి బాధ్యత. మైదానమునకేగు మన బిడ్డలకు బలరామ్ చరిత్రను చెప్పుట ఆ బాధ్యతలో మొదటిది.