మద్రాసు గళ్ళ వస్త్రం

మద్రాసు గళ్ళ వస్త్రం లేదా మద్రాసు చెక్స్ అనునది దక్షిణ భారతదేశపు తూర్పు తీరంలో చేమగ్గాలపై నేసే పలుచని నూలు బట్ట. ముందుగా రంగు వేసిన నూలును పడుగులోను, పేకలోను చారలుగా అమర్చి నేయడం వలన దీనిలో గళ్ళు ఏర్పడతాయి. ఈ ఒక్క బట్టే పశ్చిమ ఆఫ్రికాలో పెద్ద కుటుంబాల గౌరవ చిహ్నంగాను, కరీబియన్ దీవులలో జాతీయ దుస్తులలో భాగంగాను, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కలిగినవారి వేసవి చొక్కాగాను, ఆంధ్ర దేశంలో కష్టజీవుల లుంగీగాను పేరుపొందినది. ఒక వస్త్రానికి విలువ దాని నేత వలన ఎంత వస్తుందో, దానిని ఎవరు ఎక్కడ ధరించారు అనే దాని వలన అంతకంటే ఎక్కువ వస్తుందనడానికి ఫ్యాషన్ చరిత్రలో ఇంత స్పష్టమైన ఉదాహరణలు తక్కువ.

పేరు

ఈ వస్త్రానికి మద్రాసు పేరు ఎగుమతి చేసిన రేవును బట్టి వచ్చినది కాని, నేసిన ఊరిని బట్టి కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ మద్రాసపట్నం వద్ద స్థలం సంపాదించి సెయింట్ జార్జి కోటను కట్టుకొన్న తరువాత చుట్టుపక్కల నేత గ్రామాల సరుకు అక్కడకు చేరసాగింది. వ్యాపారులు దీనిని "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అని వ్యవహరించేవారు. ఎగుమతి కాగితాలలో ఈ పేరు ఆర్.ఎం.హెచ్.కె. అనే పొడి అక్షరాలుగా మిగిలింది. హ్యాండ్‌కర్చీఫ్ అన్నందున జేబురుమాలు అని భ్రమపడరాదు. ఇది దాదాపు గజం పొడవు, గజం వెడల్పు ఉండే చదరపు గుడ్డ. ఇటువంటి రుమాళ్ళను విడదీయకుండా ఒకే తానుగా నేసేవారు. కొన్నవారు తలకు చుట్టుకొనేవారు, నడుముకు కట్టుకొనేవారు, భుజాన వేసుకొనేవారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండినవి. కనుక మద్రాసు బట్ట అని లోకం పిలిచిన దానిలో కొంత చీరాల, పేరాల, వేటపాలెం ప్రాంతపు తెలుగు నేతకారులు నేసినదే. ఈ సంగతి పాశ్చాత్య ఫ్యాషన్ పుస్తకాలలో చాలా అరుదుగా కనబడుతుంది.

నేత విధానం

అద్దకపు బట్టలలో రంగు బట్ట నేసిన తరువాత పడుతుంది. కలంకారీ ఇందుకు ఉదాహరణ. గళ్ళ వస్త్రంలో నూలు చిలపలకే ముందుగా రంగు పడుతుంది. అందువలన బట్టకు తిరగ, బోర్లా తేడా ఉండదు. పడుగులో ఎన్ని పోగులు ఎర్రవి, ఎన్ని నీలివి, ఎన్ని తెల్లవి అనే లెక్క పడుగు తోడేటప్పుడే నిర్ణయం కావాలి. ఆ లెక్కకు సరిపోయేటట్లు పేకను మార్చుకుంటూ నేయాలి. ఎరుపు పడుగు మీద నీలి పేక పడిన చోట మూడవ రంగు కనబడుతుంది. గళ్ళ అందమంతా ఈ కలయికలోనే ఉన్నది. పేక రంగు మారిన ప్రతిసారీ నేతకారుడు నాడెను మార్చవలసి ఉంటుంది కనుక సాదా బట్ట కంటే ఇది నిదానంగా సాగే పని.

పూర్వం రంగులు మొక్కల నుండి వచ్చేవి. నీలిమందు నుండి నీలం, చిరివేరు నుండి ఎరుపు తీసేవారు. కృష్ణా డెల్టా ప్రాంతంలో, ముఖ్యంగా నిజాంపట్నం పరిసరాలలో దొరికే చిరివేరు మేలైనదని పదిహేడవ శతాబ్దపు ఐరోపా వర్తకులు భావించేవారు. ఎన్నిమార్లు ఉతికినా రంగు పోకపోవడమే ఆనాడు కోరమాండల్ తీరపు బట్టలకు ఐరోపాలో గిరాకీ తెచ్చినది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనికి నేరుగా వ్యతిరేకమైన కథ ముందు రానున్నది.

గళ్ళ నమూనా స్కాట్లండు సైనికుల టార్టన్ బట్టను చూసి మన నేతకారులు నేర్చుకొన్నదని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో స్కాట్లండు పటాలాలు దక్షిణాదిన ఉన్న మాట, కొన్ని నమూనాలపై ఆ ప్రభావం పడి ఉండవచ్చునన్న మాట కాదనలేము. అయితే గళ్ళ బట్టలు అంతకు చాలా ముందునుండే ఈ తీరం నుండి ఎగుమతి అవుతూ ఉండినవి కనుక, గళ్ళే అక్కడినుండి వచ్చినవనడం సరికాదు.

పశ్చిమ ఆఫ్రికాలో

పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపా ఓడలు భారతీయ నూలు బట్టలను పశ్చిమ ఆఫ్రికా తీరానికి పెద్దయెత్తున తీసుకొనిపోయేవి. అక్కడ ఆ బట్టలకు బదులుగా కొన్నవాటిలో మనుషులు కూడా ఉన్నారు. బానిస వ్యాపారంలో భారతీయ వస్త్రం ఒక ముఖ్యమైన మారకపు సరుకు. మగ్గం దగ్గర కూర్చున్న నేతకారుడికి తన బట్ట చివరకు దేనికి వెలగా చెల్లుతున్నదో తెలిసే అవకాశం లేదు.

నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజలు ఈ గళ్ళ బట్టను "ఇంజిరి" అని పిలుస్తారు. ఈ పేరు ఇండియా అనే మాటకు రూపాంతరమని చెబుతారు. కుటుంబ పెద్దలు ఇంజిరిని పెట్టెలలో దాచి తరతరాలకు అందిస్తారు. పెద్దలు మరణించినపుడు భౌతికకాయాన్ని ఉంచే మంచాన్ని అలంకరించే బట్టలలో ఇది ఉంటుంది. కలబరి స్త్రీలు దీనిపై చేసే పని మరీ విశేషమైనది. నేసిన బట్టలోని కొన్ని పోగులను బ్లేడుతో కోసి, లాగివేసి, మిగిలిన పోగులతో కొత్త నమూనా తెప్పిస్తారు. ఇట్లు తయారైన దానిని "పెలెటె బైట్" అంటారు. అనగా చీరాలలోనో చెంగల్పట్టులోనో చేర్చిన దారాన్ని అక్కడ తీసివేయడం ద్వారా బట్ట వారి స్వంతమగుచున్నది. నైజీరియాలోనే ఇగ్బో మొదలైన జాతులవారు పెళ్ళిళ్ళలో ధరించే ఖరీదైన భారతీయ వస్త్రానికి "జార్జి" అని పేరు. ఇది సెయింట్ జార్జి కోట పేరు నుండి వచ్చినదని చెబుతారు.

కరీబియన్ దీవులలో, లూసియానాలో

అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ఈ బట్ట తలపైకి ఎక్కినది. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాలో 1786లో గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు జారీచేశాడు. దాని ప్రకారం స్వేచ్ఛ పొందిన నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు తమ జుట్టును అలంకరించి చూపకుండా గుడ్డతో కట్టుకోవాలి. వారిని తెల్లజాతి స్త్రీల కంటే తక్కువగా చూపడం దాని ఉద్దేశం. ఆ స్త్రీలు ఉత్తర్వును మీరలేదు. ఎర్రని, పచ్చని మద్రాసు రుమాళ్ళను తెచ్చి, ఎత్తుగా, వంపులతో, నగలు గుచ్చి కట్టారు. దాచమన్న జుట్టు కంటే కట్టిన గుడ్డే ఎక్కువ కనబడసాగింది. తక్కువతనాన్ని చూపడానికి పెట్టిన గుర్తు అందానికి గుర్తయింది.

మార్టినిక్, గ్వాడెలూప్, సెయింట్ లూసియా, డొమినికా దీవులలో మద్రాసు తలకట్టు పండుగ దుస్తులలో స్థిరపడింది. మార్టినిక్‌లో తలకట్టు కొసలు ఎన్ని పైకి నిలిచి ఉన్నవనే దానిని బట్టి స్త్రీ మనసు తెలుపబడుతుందని ప్రసిద్ధి. ఒక కొస ఉంటే మనసు ఎవరికీ ఇవ్వలేదని, రెండైతే ఇచ్చినదని, మూడైతే వివాహితయని అర్థం. నాలుగు కొసల అర్థం కొంత చిలిపిది: ఇంకా చోటున్నదని. సెయింట్ లూసియాలో నేటికీ జాతీయ దుస్తులలో మద్రాసు గళ్ళు తప్పనిసరి. జమైకాలో ఇదే తరహా గళ్ళ బట్టను బందానా అంటారు.

1848లో ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దయిన తరువాత, 1853 నుండి దక్షిణ భారతదేశపు కూలీలు మార్టినిక్ చేరుకొన్నారు. వారు ఓడ దిగేసరికి వారి దేశపు బట్ట అక్కడి స్త్రీల తలలపై అప్పటికే ఉన్నది.

అమెరికాలో - రంగు దిగే బట్ట

1687 నుండి 1692 వరకు సెయింట్ జార్జి కోట గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్, 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కళాశాలకు 417 పుస్తకాలు, మొదటి జార్జి రాజు చిత్రపటం, తొమ్మిది మూటల సరుకు పంపాడు. సరుకు అమ్మగా సుమారు 560 పౌన్లు వచ్చాయి. కృతజ్ఞతగా కళాశాలకు యేల్ పేరు పెట్టారు. ఆ మూటలలో మద్రాసు గళ్ళ బట్ట ఉన్నదని చెప్పే కథలు ఉన్నాయి గాని, సరుకు జాబితాలో కనబడేవి కాలికో, మస్లిన్ వంటి సాదా పేర్లే. ఏమైనా, రెండు శతాబ్దాల తరువాత అదే యేల్ విద్యార్థుల వంటిపై మద్రాసు చొక్కా గుర్తింపు చిహ్నం కావడం చరిత్రలో ఒక చిత్రమైన ముడి.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో మద్రాసు చొక్కా అమెరికా సంపన్నుల విహార దుస్తులలో చేరింది. 1958లో జరిగిన ఘటన దానిని ఇంటింటి మాట చేసింది. ఆ కథనం ఇలా ప్రచారంలో ఉన్నది. విలియం జాకబ్సన్ అనే అమెరికా దిగుమతిదారు కెప్టెన్ సి.పి. కృష్ణన్ అనే ఎగుమతిదారు వద్ద గజం ఒక డాలరు చొప్పున గళ్ళ బట్ట కొన్నాడు. దక్షిణ ఆఫ్రికా కోసం నేసిన ఆ బట్టకు మొక్కల రంగుల వాసన, నూనె వాసన ఉండేవి. చన్నీటిలో జాగ్రత్తగా ఉతకాలని అమ్మినవారు చెప్పిన మాట కొన్నవారి వరకు చేరలేదు. బ్రూక్స్ బ్రదర్స్ సంస్థ పదివేల గజాలు తీసుకొని చొక్కాలు, కోట్లు కుట్టించింది. వాటిని యంత్రంలో ఉతికినవారికి రంగులన్నీ ఒకదానిలో ఒకటి దిగిపోయి కనిపించాయి. ఫిర్యాదులు వచ్చాయి, న్యాయవాదులు రంగంలోకి దిగారు.

అప్పుడు జరిగినది పరిహారం కాదు, ప్రచారం. కృష్ణన్ అమెరికా వెళ్ళగా, సెవెన్‌టీన్ పత్రికలో ఈ బట్టపై ఒక పెద్ద వ్యాసం వచ్చింది. ప్రతి ఉతుకుకు కొత్త బట్టగా మారిపోయే భారతీయ అద్భుతమని ఆ వ్యాసం వర్ణించింది. "రంగు దిగుతుందని హామీ" అనే అర్థం వచ్చే ప్రకటన వాక్యం కొద్దికాలంలోనే ప్రసిద్ధమైంది. దానిని ప్రకటనల రంగ ప్రముఖుడు డేవిడ్ ఓగిల్వీకి ఆపాదిస్తారు. ఈ కథనానికి ప్రధాన ఆధారం ఎగుమతిదారు కుటుంబం చెప్పినదే కనుక వివరాలలో కొంత మెరుగు పడి ఉండవచ్చు. కాని 1960లలో రంగు దిగే మద్రాసుకు అమెరికా యువతలో విపరీతమైన మోజు ఉండినది మాత్రం నిజం. రంగు దిగని నకలు బట్టను అసలైనది కాదని చిన్నచూపు చూసేవారు.

పదిహేడవ శతాబ్దంలో రంగు నిలిచినందుకు కొన్న తీరపు బట్టను ఇరవయ్యవ శతాబ్దంలో రంగు పోయినందుకు కొన్నారు. చిరివేరు, నీలిమందు వాడుక 1869 తరువాత కృత్రిమ ఎరుపు, 1897 తరువాత కృత్రిమ నీలం మార్కెట్టులోకి రావడంతో క్రమంగా తగ్గిపోయినది. కనుక రంగు దిగడమే ప్రాచీన భారతీయ లక్షణమని నమ్మిన కొనుగోలుదారు నిజానికి ప్రాచీన పనితనానికి వ్యతిరేకమైన గుణాన్ని కొనుగోలు చేశాడు.

విశ్వవిద్యాలయాల నుండి వీధిలోకి

అమెరికా తూర్పు తీరపు ఐవీ లీగ్ విద్యార్థుల దుస్తులను ఫొటోలు తీసి 1965లో జపానులో "టేక్ ఐవీ" అనే పుస్తకం ప్రచురించారు. జపాను యువకులు దానిని పాఠ్యగ్రంథంలా చదివి ఆ విధంగా దుస్తులు ధరించారు. అమెరికాలో 1960ల చివర జీన్సు, హిప్పీ దుస్తుల ముందు మద్రాసు వెనుకబడినది. 1980లో లీసా బర్న్‌బాక్ సంపాదకత్వంలో వచ్చిన "ది అఫీషియల్ ప్రెపీ హ్యాండ్‌బుక్" ఉన్నత వర్గపు అలవాట్లను ఎగతాళి చేయడానికి వ్రాసినది. పాఠకులు దానిని ఎగతాళిగా కాక మార్గదర్శిగా తీసుకొన్నారు. మద్రాసు చొక్కా, వేర్వేరు గళ్ళ ముక్కలను కలిపి కుట్టిన అతుకుల ప్యాంటు మరల అంగళ్ళలోకి వచ్చాయి. నేడు ఆ పేరుతో అమ్ముడయ్యే బట్టలో అధిక భాగం మరమగ్గాలపై తయారైనదే.

స్వదేశంలో

తెలుగునాట గళ్ళ బట్ట అనగానే స్ఫురించేది లుంగీ. తూర్పు తీరం నుండి బర్మా, మలయా దేశాలకు లుంగీలు విరివిగా ఎగుమతి అయ్యేవి. ఇక్కడ లుంగీ ఇంటిపట్టున, పొలంలో, లారీ మీద కట్టుకొనే బట్ట. కార్యాలయానికో, పెళ్ళికో కట్టుకొని వెళితే మర్యాద కాదని భావిస్తారు. సముద్రం దాటితే మర్యాదకు చిహ్నం, ఇంటి దగ్గర మర్యాదకు లోటు.

ఈ చిన్నచూపును కొంతవరకు తగ్గించినది సినిమా. చెన్నై ఎక్స్‌ప్రెస్ (2013) చిత్రంలోని లుంగీ పాట ఉత్తరాదిన కూడా లుంగీని వేడుక వస్త్రం చేసింది. 1980ల నాటి పల్లెటూరి కథగా తీసిన రంగస్థలం (2018)లో రామ్ చరణ్, తరువాత పుష్ప (2021)లో అల్లు అర్జున్ లుంగీతో కనిపించారు. అయితే ఈ చిత్రాలలో లుంగీ కట్టేవాడు మొరటువాడు, పల్లెటూరివాడు లేదా కూలిపని నుండి పైకి వచ్చినవాడు. లుంగీ కట్టిన వైద్యుడినో ఆచార్యుడినో నాయకుడిగా చూపడానికి మన సినిమా ఇంకా సాహసించినట్లు లేదు.

నేతకారుల స్థితి

చీరాల ప్రాంతం (ప్రస్తుతం బాపట్ల జిల్లా) చాలాకాలం ఆర్.ఎం.హెచ్.కె. నేతకు ముఖ్య కేంద్రం. ఇక్కడి సరుకుకు నైజీరియా పెద్ద మార్కెట్టు. ఆ ప్రభుత్వం 1970ల చివరి నుండి పలుమార్లు వస్త్రాల దిగుమతిపై నిషేధాలు విధించినది. వాటి దెబ్బ వేల మైళ్ళ దూరాన గుంట మగ్గంలో కూర్చున్నవారికి తగిలింది. ఒక దేశపు ఆచారం కోసమే నేసిన నమూనా ఇక్కడి అంగడిలో చెల్లదు కనుక నేతకారులు చీరలకు, దుస్తుల గుడ్డలకు మారవలసి వచ్చినది. 1991లో నూలు ధరలు పెరిగినపుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతకారుల ఆకలి చావులు, ఆత్మహత్యలు పత్రికలలో ప్రముఖంగా వచ్చాయి.

1985లో కేంద్ర ప్రభుత్వం చేసిన చేనేత రిజర్వేషను చట్టం కింద కొన్ని రకాలను మరమగ్గాలపై నేయరాదని నిర్ణయించారు. వాటిలో లుంగీ కూడా ఉన్నది. ఆచరణలో మరమగ్గపు గళ్ళ లుంగీ దొరకని సంత లేదు.   చేమగ్గపు బట్టలో రంగు పేకలు మారిన చోట గళ్ళ కొలతలో నూలుపోగంత హెచ్చుతగ్గులు కనబడతాయి.