ఊరికి పేరిచ్చిన గుట్ట

వరంగల్లు కోటలో స్వయంభూశివాలయ శిథిలములకు నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణములను చూడవచ్చినవారిలో పెక్కురు, ఆ సమీపముననే చెరువు ప్రక్కన నున్న ఏకశిలాగుట్టను ఒక్క చూపుతో దాటిపోవుదురు. తోరణములపై వలె దానిపై హంసలు లేవు, లతలు లేవు. నెత్తిమీద చిన్న గుడి మాత్రము గలదు. అయినను ఈ మహానగరమునకు నామధేయము లభించినది రాజులవలన గాదు, దేవాలయములవలన గాదు, ఈ బోడిరాతివలననే.

దక్కను పీఠభూమియందు సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాచీనత గల గ్రానైటు నేల క్రింద పరచుకొని యున్నది. పగుళ్లు మెండుగా నున్న చోటుల వాననీరు దిగి, రాయి మెత్తబడి మట్టియై కొట్టుకొనిపోగా, పగుళ్లు లేని గట్టి పిండము మాత్రము చదునుగా నున్న మైదానము నడుమ ఒంటరిగా మిగిలిపోవును. భూగర్భశాస్త్రజ్ఞులు ఇట్టివానిని ద్వీపగిరులందురు. చుట్టును వరిపొలములే తప్ప సముద్రము లేకపోయినను ఆ పేరు వీనికి తగినదే. గుట్ట నెక్కునపుడు పాదముల క్రింద ఉల్లిపొరలవలె లేచిన రాతిపలకలు కానవచ్చును. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, యుగములుగా ఊడుచు వచ్చిన ఆ పొరలే గుట్టకు నేటి గుండ్రని రూపము నిచ్చినవి.

కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. వేయిస్తంభముల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించినది అచ్చటనే. గణపతిదేవుని కాలమున రాజధాని ఈ ఒంటిరాతి చుట్టునకు తరలివచ్చెను. జనులు ఓరుగల్లనిరి, సంస్కృతకవులు ఏకశిలానగరమనిరి. స్పర్శవేదిశిలకు తగిలి బండి ఇరుసు బంగారమయ్యెనని, ఆ మహిమవలననే ఇచట నగరము వెలసెనని చెప్పు ఐతిహ్యమొకటి గలదు. అది మనోహరమే గాని, కన్నుల యెదుట ఇంత రాయి నిలిచియుండగా పేరునకు వేరు కారణము వెదుకవలసిన పనిలేదని నా నిశ్చయము. కడప సీమలోని ఒంటిమిట్టయు ఏకశిలానగరమే. అచట సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు మలచబడిరని ప్రసిద్ధి. ఈ పేరు రెండు ఊళ్లకు నుండుటచేతనే పోతన నివాసమును గూర్చి పండితులు చిరకాలము వాదించుకొనిరి.

గణపతిదేవుడు ప్రారంభించి రుద్రమదేవి ముగించిన రాతిప్రాకారమున గ్రానైటు దిమ్మలు సున్నము లేకయే ఒకదానిపై నొకటి కుదురుకొని యున్నవి. దాని వెలుపల కందకము, ఆవల మట్టికోట. 1309-10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడను ఉక్కుబల్లెములు సైతము చొరజాలవని ఆశ్చర్యపడెను. ఢిల్లీవారి నోట ఓరుగల్లు అరంగలయ్యెను. నేటి వరంగలు దానినుండి వచ్చినదే.

పేరు పెట్టుటలో లోకమంతటను రెండు మార్గములు కానవచ్చును: స్థలరూపమును చూచి అచటివారు పెట్టునది ఒకటి, వెలుపలివారు వేరొక కారణమున పెట్టునది ఒకటి. ఉత్తరధ్రువ ప్రాంతమున గ్రీన్లాండునకును ఎల్స్మియర్ ద్వీపమునకును నడుమ నేర్స్ జలసంధిలో సుమారు 1.3 చదరపు కిలోమీటర్ల నిర్జనద్వీపమొకటి గలదు. దానిని చిరకాలముగా ఎరిగిన ఇన్యూట్ జనులు, మూత్రపిండమువలె నున్నదని, తార్తుపాలుక్ అనిరి. పటములందు మాత్రము అది అన్వేషకులకు దారి చూపిన గ్రీన్లాండువాసి హాన్స్ హెండ్రిక్ పేర హాన్స్ ద్వీపమయ్యెను. 2022లో కెనడా, డెన్మార్కులు దానిని పంచుకొనిన నాటికి రెండు పేర్లును నిలిచియే యున్నవి.

ఓరుగల్లునకును వెలుపలివారి పేరు వచ్చినది. 1323లో కాకతీయరాజు ప్రతాపరుద్రుని ఓడించిన ఢిల్లీ రాకుమారుడు ఉలుఘ్ ఖాన్ దీనిని సుల్తాన్‌పూర్ అనెను. ఆ పేరు ఊరి జనుల నాలుకకు ఎక్కలేదు. తరువాత ముసునూరి కాపయనాయకుడు నగరమును మరల గెలిచెను. రేచర్ల వెలమలు, బహమనీలు వరుసగా ఏలిరి. 1504లో నగరమును వశపరచుకొనిన షితాబ్ ఖాన్ కోటలో వేయించిన సంస్కృతశాసనమున, కాకతి వంశజులు పూర్వమేలిన ఈ పురము పేరు ఏకోపలపురి యని చెక్కబడినది.