క్రిప్టో నాణేలు: వాలెట్ భద్రత, చిన్న నాణేల మనుగడ

2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే భారతీయ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కు చెందిన ఒక వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైబడిన, అంటే సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన డిజిటల్ నాణేలు అపహరణకు గురయ్యాయి. సంస్థ నిల్వలలో దాదాపు 45 శాతం ఒక్క రోజులో పోయింది. ఈ కేసులో ఆ తరువాత ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి స్వస్థలం పశ్చిమ బెంగాల్‌లోని పూర్వ మేదినీపూర్ జిల్లా. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి అది పొరుగు జిల్లా.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్‌లో తెలుగువారు స్థిరపడి ఉన్నారు. వర్క్‌షాపులోనూ, యార్డులోనూ, రైళ్లపైనా పనులకు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలలో ఇప్పుడు మనుమల తరం ఉద్యోగాలు చేస్తోంది. పదవీ విరమణ నాడు భవిష్య నిధి, గ్రాట్యుటీ రూపంలో ఒకేసారి చేతికందే సొమ్ము ఇటువంటి కుటుంబాలకు జీవితకాలపు సంపాదన. అందులో కొంత భాగాన్నైనా క్రిప్టోలో పెట్టదలచినవారు ముందుగా రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలి. నాణెం తాళంచెవి ఎవరి వద్ద ఉంటుంది? ఆ నాణేన్ని నడిపించే వ్యవస్థ ఎంతకాలం నిలుస్తుంది?

ఒంటి లైను, టోకెన్

సతోషి నకమోటో అనే పేరుతో బిట్‌కాయిన్ రూపకల్పన పత్రం 2008 అక్టోబర్ 31న వెలువడింది. 2009 జనవరి 3న ఆ వ్యవస్థ పని ప్రారంభించింది. బ్యాంకులో ఖాతాదారుల పద్దులను బ్యాంకు ఒక్కటే రాసుకుంటుంది. బిట్‌కాయిన్‌లో ఆ పద్దుల పుస్తకం ప్రతులు ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఆ పుస్తకానికే బ్లాక్‌చెయిన్ అని పేరు. ఒకే నాణేన్ని ఒకే వ్యక్తి ఇద్దరికి చెల్లించకుండా చూడడం దాని ప్రధాన కర్తవ్యం.

రైల్వే కుటుంబాలకు ఇది తేలికగా బోధపడే విషయం. ఒంటి లైనుపై టోకెన్ పద్ధతి అమలులో ఉన్న సెక్షన్‌లో, చేతికి టోకెన్ అందనిదే డ్రైవర్ రైలును ముందుకు కదపరాదు. రెండు స్టేషన్లలోని టోకెన్ యంత్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్ సహకరించనిదే ఇవతల టోకెన్ బయటకు రాదు, ఒకటి బయట ఉన్నంతసేపు రెండవది రాదు. అందువల్ల ఒకే సెక్షన్‌లోకి రెండు రైళ్లు ప్రవేశించవు. బ్లాక్‌చెయిన్‌లో ఆ కాపలాను వేలాది కంప్యూటర్లు కలిసి నిర్వహిస్తాయి. కాపలా కాసేవారు తగ్గేకొద్దీ నాణెం భద్రత సన్నగిల్లుతుంది.

వాలెట్‌లో దాగి ఉండేది

వాలెట్ అనగానే అందులో నాణేలు ఉంటాయని చాలామంది భావిస్తారు. నాణేల పద్దు ఎప్పుడూ బ్లాక్‌చెయిన్‌లోనే ఉంటుంది. వాలెట్ భద్రపరచేది ఆ పద్దును కదిలించగల రహస్య సంఖ్యను. దానిని ప్రైవేట్ కీ అంటారు. అది పోయినప్పుడు తిరిగి పొందడానికి వీలుగా, అనేక వాలెట్లు 2,048 పదాల జాబితా నుంచి 12 లేదా 24 పదాలను ఒక నిర్దిష్ట వరుసలో ఇస్తాయి. ఆ పదాలు, వాటి వరుస తెలిసిన ఎవరైనా నాణేలను తరలించుకుపోగలరు. అవి పోగొట్టుకుంటే అసలు యజమాని కూడా నాణేలను ముట్టలేడు. పాస్‌బుక్ పోతే బ్యాంకు శాఖకు వెళ్లి కొత్తది తీసుకోవచ్చు. ఇక్కడ దరఖాస్తు పెట్టుకోవడానికి శాఖా లేదు, మేనేజరూ లేడు.

తాళంచెవిని ఉంచుకోవడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ యాప్‌లో నాణేలు కొని అక్కడే ఉంచితే తాళంచెవి ఆ సంస్థ వద్ద ఉంటుంది. కొనుగోలుదారుకు తెరపై కనిపించే సంఖ్య ఆ సంస్థ తనకు ఇవ్వవలసిన బాకీ మాత్రమే. సొంత వాలెట్‌లోకి మార్చుకుంటే తాళంచెవితోపాటు దానిని కాపాడుకునే బాధ్యత కూడా కొనుగోలుదారుదే. సొంత వాలెట్లలో ఫోను లేదా కంప్యూటర్ ద్వారా ఇంటర్నెట్‌కు అనుసంధానమై ఉండేది హాట్ వాలెట్. తాళంచెవిని ఇంటర్నెట్‌కు దూరంగా ప్రత్యేక పరికరంలో దాచేది కోల్డ్ వాలెట్. రోజువారీ వాడకానికి మొదటిది అనువుగా ఉంటుంది, పెద్ద మొత్తాలకు రెండవదే క్షేమం.

సంస్థను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో కెనడాలోని క్వాడ్రిగా సీఎక్స్ ఉదంతం చెబుతుంది. దాని స్థాపకుడు 2018 డిసెంబర్‌లో జైపూర్‌లో మరణించాడు. వాలెట్ల తాళంచెవులు ఆయన ఒక్కరికే తెలుసునని సంస్థ ప్రకటించింది. ఆయన ఖాతాదారుల సొమ్మును మోసపూరితంగా వాడుకున్నాడని 2020 జూన్‌లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది. ఖాతాదారులు కనీసం 16.9 కోట్ల కెనడా డాలర్లు నష్టపోయారు.

వజీర్‌ఎక్స్‌లో జరిగింది

దోపిడీకి గురైన వజీర్‌ఎక్స్ వాలెట్‌ది సాధారణ తాళం కాదు. ఆరుగురికి సంతకం చేసే అధికారం ఉండేది. వారిలో ఐదుగురు వజీర్‌ఎక్స్ వైపువారు, ఒకరు వాలెట్ సేవలు అందించే లిమినల్ సంస్థ వైపువారు. వజీర్‌ఎక్స్ వైపు ముగ్గురు, లిమినల్ వైపు ఒకరు ఆమోదిస్తేనే నాణెం కదలాలి. రెండు స్టేషన్లు సహకరిస్తేనే టోకెన్ బయటకు వచ్చే పద్ధతి వంటిదే ఇది. అయినా దొంగలు లోపలికి చొరబడ్డారు. తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకం పడిన లావాదేవీ వేరొకటి అని వజీర్‌ఎక్స్ వెల్లడించింది. తప్పు తమ వ్యవస్థది కాదని లిమినల్ వాదించింది.

ఈ దొంగతనం ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు సంయుక్తంగా ప్రకటించాయి. మరి మేదినీపూర్ వ్యక్తి పాత్ర ఏమిటి? వేరొక పేరుతో వజీర్‌ఎక్స్‌లో ఖాతా తెరచి, దానిని టెలిగ్రామ్ ద్వారా మరొకరికి విక్రయించాడని, ఆ ఖాతాను ఈ నేరంలో వాడుకున్నారని పోలీసుల అభియోగం. దేశాంతర నేరముఠాకు కావలసింది స్థానికంగా ఒక పేరు, ఒక ఖాతా. కొద్దిపాటి సొమ్ముకు ఆశపడి బ్యాంకు ఖాతానో, క్రిప్టో ఖాతానో, సిమ్ కార్డునో పరాయివారి చేతికి ఇచ్చినవారి గడపకే పోలీసులు మొదట వస్తారు.

దాడి తరువాత వజీర్‌ఎక్స్ ఉపసంహరణలను నిలిపివేసింది. లక్షలాది ఖాతాదారులు ఏడాదికి పైగా నిరీక్షించారు. మాతృసంస్థ పునర్వ్యవస్థీకరణ ప్రణాళికను సింగపూర్ హైకోర్టు ఆమోదించిన తరువాత, 2025 అక్టోబర్‌లో లావాదేవీలు తిరిగి మొదలయ్యాయి. అదే నెలలో, ఒక వజీర్‌ఎక్స్ ఖాతాదారు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు క్రిప్టో నాణేలను ఆస్తిగా గుర్తించింది. అంతకుముందు 2025 జూలైలో కాయిన్‌డీసీఎక్స్ నుంచి సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయాయి. అది తమ సొంత నిర్వహణ ఖాతా అనీ, ఖాతాదారుల నాణేలు భద్రంగా ఉన్నాయనీ, నష్టాన్ని తామే భరిస్తామనీ ఆ సంస్థ ప్రకటించింది.

చిన్న నాణేలు ఎలా బతుకుతాయి, ఎలా పోతాయి

బిట్‌కాయిన్ తరువాత వేలాది నాణేలు పుట్టుకొచ్చాయి. 2014 నుంచి తమ జాబితాలో చేరిన 24 వేలకు పైగా నాణేలలో సగానికి మించి మరణించాయని కాయిన్‌గెకో సంస్థ 2024లో లెక్క తేల్చింది. నాణెం మరణం అంటే పద్దు చెరిగిపోవడం కాదు. కొనేవారు, నడిపేవారు, మరమ్మతు చేసేవారు లేకపోవడం.

మొదటి ప్రమాదం కాపలా లోపించడం. వ్యవస్థలోని కంప్యూటింగ్ శక్తిలో సగానికి మించి ఒకరి చేతిలో పడితే, వారు జరిగిన చెల్లింపులను వెనక్కు తిప్పి, అదే నాణేన్ని మళ్లీ ఖర్చు చేయగలరు. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్‌పైనా, 2020 ఆగస్టులో ఎథీరియం క్లాసిక్‌పైనా ఇటువంటి దాడులు జరిగాయి. బిట్‌కాయిన్‌పై ఇటువంటి దాడికి అయ్యే ఖర్చు అపారం. చిన్న నాణేలపై అంత ఖర్చు అవసరం ఉండదు.

రెండవ ప్రమాదం రూపకల్పనలోనే ఉంటుంది. మరొక నాణెం విలువను నిలబెట్టడానికి ఆసరాగా పెట్టిన లూనా 2022 మే మొదట్లో 80 డాలర్ల స్థాయిలో ఉండేది. వారం తిరిగేసరికి ఒక సెంటు కూడా పలకలేదు.

మూడవది పచ్చి మోసం. 2021 నవంబర్‌లో స్క్విడ్ గేమ్ ధారావాహిక పేరు పెట్టుకున్న ఒక నాణెం వేల డాలర్లకు ఎగబాకి, నిమిషాలలో శూన్యానికి పడిపోయింది. కొన్నవారికి దానిని అమ్ముకునే వీలే లేకుండా ముందే ఏర్పాటు జరిగింది. పెద్ద రాబడి ఆశ చూపిన బిట్‌కనెక్ట్ 2018 జనవరిలో తన పథకాన్ని మూసివేసినప్పుడు నాణెం విలువ గంటల వ్యవధిలో కుప్పకూలింది. 2013లో శారదా గ్రూపు కుప్పకూలినప్పుడు పశ్చిమ బెంగాల్, ఆ తరువాత అగ్రిగోల్డ్ వ్యవహారంలో ఆంధ్రప్రదేశ్ చూసినది కూడా ఇదే తరహా ఆశ. ఆ సంస్థలకు కనీసం కార్యాలయాలు, జప్తు చేయగల భూములు ఉండేవి. పేరు తెలియని వ్యక్తులు సృష్టించిన నాణేనికి అవి కూడా ఉండవు.

అయితే చిన్న నాణేలన్నీ పోలేదు. 2011లో పుట్టిన నేమ్‌కాయిన్ బిట్‌కాయిన్‌తో కలిపి మైనింగ్ చేసే పద్ధతిని స్వీకరించి, పెద్ద వ్యవస్థ కాపలాను తానూ పంచుకుంది. 2013 డిసెంబర్‌లో హాస్యానికి పుట్టిన డోజ్‌కాయిన్‌కు 2014లో మైనింగ్ ప్రతిఫలం తగ్గుతూ రావడంతో భద్రత ప్రశ్నార్థకమైంది. అది లైట్‌కాయిన్‌తో కలిపి మైనింగ్ చేసే ఏర్పాటు చేసుకుని నిలదొక్కుకుంది. నాణెం భద్రతకు ఆధారం ధర కన్నా దానిని నిత్యం కాపాడే వ్యవస్థ అని ఈ రెండూ చూపుతున్నాయి.

కనుక చిన్న నాణేన్ని పరిశీలించేటప్పుడు ధరల పట్టిక ఒక్కటే చాలదు. దాని సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉందా, ఇటీవలి నెలల్లో దానిపై పని జరిగిందా అన్నది చూడాలి. నాణేలలో అధికభాగం కొద్దిమంది చేతుల్లోనే ఉందా, ఒకటి కన్నా ఎక్కువ ఎక్స్ఛేంజ్‌లలో నిజమైన కొనుగోళ్లు ఉన్నాయా, సృష్టించిన సంస్థ మూతపడినా వ్యవస్థ నడుస్తుందా అన్నవి కూడా తెలుసుకోవాలి. ఎక్స్ఛేంజ్ ఒక నాణేన్ని జాబితా నుంచి తొలగిస్తే, గడువులోగా దానిని అమ్ముకోవాలి లేదా సొంత వాలెట్‌కు మార్చుకోవాలి. ఆ ప్రకటనను గమనించనివారే తరచుగా నష్టపోతారు.

చట్టం, పన్ను, ఉద్యోగ నియమాలు

భారతదేశంలో క్రిప్టో నాణెం చట్టబద్ధమైన చెల్లుబాటు గల కరెన్సీ కాదు. రిజర్వ్ బ్యాంకు 2013 డిసెంబర్‌లోనే వీటి గురించి ప్రజలను హెచ్చరించింది. క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు నిరాకరించాలన్న 2018 ఏప్రిల్ సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసింది. రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబర్ 1న ప్రజల వాడకానికి ప్రయోగాత్మకంగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి వేరు. అది రిజర్వ్ బ్యాంకు జారీ చేసే అసలైన రూపాయే.

క్రిప్టో లాభంపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను అమలులోకి వచ్చింది. పరిమితి దాటిన బదిలీలపై 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జూలై 1 నుంచి అమలైంది. ఒక నాణెంపై వచ్చిన నష్టాన్ని మరొక నాణెంపై వచ్చిన లాభంలో తగ్గించుకోవడానికి చట్టం అనుమతించదు. ఒక నాణెంపై 10,000 రూపాయల లాభం, మరొకదానిపై 10,000 రూపాయల నష్టం వచ్చిన వ్యక్తి చేతికి మిగిలేది సున్నా. అయినా అతడు 3,000 రూపాయల పన్ను, దానిపై 4 శాతం సెస్సు కింద 120 రూపాయలు చెల్లించాలి.

2023 మార్చిలో క్రిప్టో సేవల సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. అవి కేంద్ర ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదు కావాలి. నమోదు అంటే పెట్టుబడికి హామీ కాదు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది, క్రిప్టోకు అటువంటి రక్షణ లేదు. ఉద్యోగంలో ఉన్న రైల్వే సిబ్బంది మరొక విషయం గుర్తుంచుకోవాలి. 1966 నాటి రైల్వే సర్వీసుల నడవడిక నియమాలు పెట్టుబడులలో స్పెక్యులేషన్‌ను నిషేధిస్తున్నాయి. తరచుగా కొనడం, అమ్మడం స్పెక్యులేషన్ కిందికే వస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

రికవరీ పదాలను కాగితంపైనో లోహపు రేకుపైనో రాసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ఫోటో తీయరాదు. వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో ఉంచరాదు. ఏ సంస్థకు చెందిన అసలైన సిబ్బందీ వాటిని అడగరు.

ఇంట్లోవారికి ఏర్పాటు చేసి ఉంచాలి. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు. సొంత వాలెట్‌కు ఉండరు. వాలెట్ ఉన్న సంగతి, పదాలు దాచిన చోటు నమ్మకస్తులైన కుటుంబ సభ్యులకు తెలియకపోతే యజమానితోపాటే ఆ ఆస్తి కూడా పోతుంది.

పెద్ద మొత్తం పంపే ముందు చిన్న మొత్తం పంపి చూడాలి. చిరునామాను మొదటి, చివరి అక్షరాలతో సరిపెట్టుకోక పూర్తిగా పోల్చి చూడాలి. రెండు చివరలా ఒకేలా కనిపించే నకిలీ చిరునామాలను మోసగాళ్లు లావాదేవీల చరిత్రలో చొప్పిస్తారు. పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటేనో కాదో కూడా చూసుకోవాలి.

నెలకు ఇంత అని ఖచ్చితమైన రాబడి చెప్పేవారినీ, కొత్తవారిని చేరిస్తే కమీషన్ ఇస్తామనేవారినీ నమ్మరాదు. చెప్పేవారు బంధువులైనా, తోటి ఉద్యోగులైనా ఇదే నియమం.

మోసం జరిగిందని గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ సంఖ్య, వాలెట్ చిరునామాలు, బ్యాంకు బదిలీ వివరాలు, సంభాషణల స్క్రీన్‌షాట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. సొమ్ము ఇంకా బ్యాంకు ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. పోయిన నాణేలను రుసుము తీసుకుని తిరిగి రప్పిస్తామని ఆ తరువాత సంప్రదించేవారు చాలావరకు రెండవ విడత మోసగాళ్లే.