ఏలూరి ప్రొద్దు – యంత్రముల గడియ

కొల్లేటిలో దోనె నడుపువానికి ప్రొద్దుపొడుపే దినారంభము. ఆ ప్రొద్దు తాడేపల్లిగూడెమున ముందుగను, ఏలూరున వెనుకగను పొడుచును. నడుమ భేదము రెండు నిమిషములకు లోపే. అయినను భేదము భేదమే. ఊరికొక కాలముండుట ప్రకృతిసిద్ధము; ఊళ్లన్నిటికి నొక్క కాలముండుట మనుష్యులు చేసికొన్న యొడంబడిక. అది మన ప్రాంతమున నెట్లు కుదిరెనో, నేడు కంప్యూటరుల నడుమ నదే తగవు మరల నెట్లు పుట్టెనో కొంచెము విచారింతము.

1893-96 నడుమ బెజవాడనుండి కటకమువఱకు తూర్పుతీరపు రైలుమార్గము వేయబడెను. ఆ రోజులలో రైళ్లు ఏ యూరి సూర్యునిగాక మద్రాసు నక్షత్రశాల కాలమును బట్టి నడచెడివి. అది గ్రీనిచి కాలముకంటె 5 గంటల 21 నిమిషములు ముందు. ఏలూరి సహజకాలము దానికంటె నింక మూడు నిమిషములు ముందు. కనుక ఊరి కాలమును నమ్మి బయలుదేరిన ఏలూరివానికి బండి ఆలస్యమైనట్లు తోచెడిదే కాని తప్పిపోయెడిది కాదు. పడమటనున్న బళ్లారివాని కా భాగ్యము లేదు. 1906 జనవరి 1న 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి గ్రీనిచికి 5 గంటల 30 నిమిషములు ముందుండు భారతకాలము వచ్చెను. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది. కలకత్తా 1948 వఱకును, బొంబాయి 1955 వఱకును తమ కాలములను విడువలేదు.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1942 సెప్టెంబరు 1 మొదలు 1945 అక్టోబరు 15 వఱకు దేశమందలి గడియారములు ఒక గంట ముందునకు జరుపబడెను. 1943లో ఏలూరున నొక యాడుశిశువు గడియారము ఎనిమిది చూపునపుడు పుట్టెననుకొందము. నిజమునకు భారతకాలము ఏడు. ఏలూరి సూర్యుని లెక్కకు ఆఱు గంటల యేబదినాలుగు నిమిషములు. పదునాఱేండ్ల తరువాత జాతకము వ్రాయువాడు యుద్ధపు గంటను మఱచి యెనిమిదినే గ్రహించినచో, రెండున్నర గడియల తప్పు పడినది. లగ్నము మాఱుట కది చాలును! జాతకములందు మాకు విశ్వాసము లేదు. కాని వానిని నమ్మి పిల్లను కాదనువారు తాము కాదనుచున్నది ఆ పిల్ల లగ్నమునో, ప్రభుత్వమువారు జరిపిన ముల్లునో ముందుగా తెలిసికొనవలదా?

ఇక యంత్రముల మాట. అణుగడియారము తప్పదు, భూమి తిరుగుడు మాత్రము నిలుకడలేనిది. రెంటికి పొత్తు కుదుర్చుటకై 1972 మొదలు 2016 కడవఱకు ప్రపంచకాలమునకు 27 పర్యాయములు ఒక్కొక్క సెకను చేర్చిరి. మన యధికమాసము వంటిదే యిది. కాని యధికమాసమును పంచాంగకర్త నూఱేండ్ల ముందైన గణింపగలడు, అధికసెకను సుమారాఱు నెలల ముందు మాత్రమే ప్రకటింపబడును. గ్రీనిచి నడిరేయి చేరునది కావున మనకది తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషముల 60వ సెకనుగా కనబడును.

చాల కంప్యూటరులు 1970 జనవరి 1 మొదలు సెకనులను లెక్కించుచు, దినమునకు 86,400 చొప్పున మాత్రమే యెఱుగును. ఆ 86,401వ దానికి చోటులేక ఒకే యంకె రెండుమాఱులు వచ్చును. ఆకివీడు చేపల వర్తకుడొకడు ఆ క్షణముననే సొమ్ము పుచ్చుకొని సొమ్ము చెల్లించినచో, ఏది ముందో ఏది వెనుకో ఆ యంకె చెప్పజాలదు. 2012 జులై 1న చేరిన సెకనుతో లినక్స్ లోని యొక లోపము బయటపడి పెక్కు సర్వరులు స్తంభించెను. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానములు ఆలస్యమయ్యెను.

ఏలూరు కాలువపై పడవ లాకు దాటుట చూచినవారికి గూగులువారి యుపాయము సులభముగా బోధపడును. నీటి మట్టము ఒక్కమాఱుగా మాఱినచో పడవ తలక్రిందగును. లాకులో మెల్లమెల్లగా మాఱును. అట్లే వారు ఆ సెకనును ఇరువదినాలుగు గంటలపై సన్నగా పఱచి, ప్రతి సెకనును లేశమాత్రము సాగదీసిరి. ఉపాయము మంచిదే; కాని యట్లు సాగదీసిన సర్వరును సాగదీయని సర్వరును కలసి పనిచేసినచో నడుమ అరసెకనువఱకు భేదము వచ్చును. ఏలూరివాడును బళ్లారివాడును మరల ప్రత్యక్షమైనట్లే! 2035 నాటికి ఈ సెకనుల చేర్పును ఆపవలెనని 2022లో అంతర్జాతీయ తూనికల కొలతల సభ తీర్మానించినది. సూర్యునితో సంబంధము సడలునని కొందఱు నొచ్చుకొనిరి. 1906 నుండియు ఐదున్నర నిమిషములు సడలియున్న ఏలూరివారికి ఒక్క సెకను లెక్కయా యని మా యభిప్రాయము.

సెకనుకంటె వ్రాతయే పెద్ద చిక్కు. 03-04-1944 అనగా మనకు ఏప్రిల్ మూడు, అమెరికావారికి మార్చి నాలుగు. 1988లో నేర్పడిన అంతర్జాతీయ పద్ధతిలో సంవత్సరము ముందు, పిదప నెల, పిదప దినము. గంట వెనుక గ్రీనిచికి ఎంత ముందో తెలుపు +05:30 వంటి గుర్తు వ్రాయుదురు. 1943లో పుట్టిన యా శిశువు పేరున ఎనిమిది గంటల ప్రక్కన +06:30 అని యుండినచో, ఆమె జాతకమును గూర్చి ఆ గంట తగవు పుట్టియే యుండదు.